సివిలైజేషన్ 6లో ప్రత్యర్థి నాగరికతలతో దౌత్యం: తొలి పరిచయం నుంచి వరల్డ్ కాంగ్రెస్ దాకా

సివిలైజేషన్ 6 అనే కంప్యూటర్ వ్యూహ ఆట ఆడేవారు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "నేను ఎవరి జోలికీ పోలేదు, అయినా పక్కవాడు నా మీద యుద్ధం ప్రకటించాడు, ఎందుకు?" చాలా సందర్భాల్లో దీనికి జవాబు ఆ "జోలికి పోకపోవడం" దగ్గరే దొరుకుతుంది. ఈ ఆటలో కంప్యూటర్ నడిపే నాయకులు మీ గురించి అభిప్రాయాన్ని ఏదో ఒక పెద్ద సంఘటనను బట్టి కాక, ప్రతి టర్నులోనూ (వంతులోనూ) కూడుతూ తీసివేస్తూ పోయే చిన్న చిన్న అంకెల మొత్తాన్ని బట్టి ఏర్పరచుకుంటారు. ఆ అంకెలను సమయానికి మీవైపు మళ్లించుకోవడమే ఇక్కడ దౌత్యం.

ఈ మార్గదర్శి 2019లో వచ్చిన గ్యాదరింగ్ స్టార్మ్ విస్తరణతో ఆడేవారి కోసం రాసినది. 2016 నాటి మూల ఆటలో గ్రీవెన్సులు (ఒకరికి మరొకరు చేసిన అన్యాయాల లెక్క), డిప్లొమాటిక్ ఫేవర్ (దౌత్యంలో ఖర్చుపెట్టే పాయింట్లు), వరల్డ్ కాంగ్రెస్ (నాగరికతలన్నీ ఓటు వేసే సభ) లేవు కనుక 5, 8 భాగాలు మూల ఆట మాత్రమే ఆడేవారికి వర్తించవు. టర్నుల లెక్కలన్నీ స్టాండర్డ్ వేగానికి చెప్పినవి.

1. ఆట మొదలుపెట్టే ముందు చేసుకోవలసిన ఏర్పాట్లు

సెట్టింగ్స్‌లోని ఇంటర్‌ఫేస్ విభాగంలో, తెర పైభాగాన నాయకుల ముఖాల కింద వారి సైనిక బలం, సైన్స్, కల్చర్, బంగారం వంటి అంకెలు ఎప్పుడూ కనిపించేలా మార్చుకోండి. మామూలుగా మౌస్ పెడితేనే కనిపించే ఈ అంకెల్లో దౌత్యానికి అన్నిటికంటే ముఖ్యమైనది సైనిక బలం. మీ బలం పొరుగువాడి బలంలో సగం కూడా లేనప్పుడు ఎన్ని బహుమతులు పంపినా ఆ స్నేహం మీద భరోసా పెట్టుకోలేము.

ఒక కాగితం, పెన్ను దగ్గర ఉంచుకోండి. స్నేహ ప్రకటన, అలయన్స్ (కూటమి), వ్యాపార ఒప్పందం, నిందా ప్రకటన, ఇవన్నీ 30 టర్నుల గడువుతో నడుస్తాయి. ఏది ఏ టర్నులో ముగుస్తుందో రాసుకోకపోతే, ఆట నడిమధ్యలో అవన్నీ ఒకదాని మీద ఒకటి పడి కలగాపులగమైపోతాయి.

2. పరిచయమైన టర్నులోనే చేయవలసిన పనులు

కొత్త నాగరికత ఎదురైన టర్నులోనే 25 బంగారం ఖర్చు పెట్టి డెలిగేషన్ (దౌత్య బృందం) పంపించండి. మొదటి టర్నులో దాదాపు ఎవరూ కాదనరు. రెండు మూడు టర్నులు గడిచాక, ఈలోగా వారి అజెండాకు (ఆ నాయకుడి ఇష్టాయిష్టాలకు) మీరు నచ్చకపోయినా, మీ సరిహద్దు వారికి దగ్గరైనా, అదే డెలిగేషన్‌ను తిప్పి పంపుతారు. అందుకే ఆట ఆరంభంలో స్కౌటు (కొత్త ప్రాంతాలు వెతికే దళం) తిరుగుతున్నంతకాలం ఖజానాలో 25 బంగారం ఎప్పుడూ మిగిలి ఉండేలా చూసుకోవాలి. వారు పంపే డెలిగేషన్‌ను కూడా స్వీకరించవచ్చు.

ప్రతి నాయకుడికీ మీ మీద "మొదటి అభిప్రాయం" అని ఒక అంకె యాదృచ్ఛికంగా పడుతుంది. అది మైనస్‌లో ఉన్నంత మాత్రాన నిరుత్సాహపడనక్కరలేదు. పంపిన డెలిగేషన్, కుదిరిన ఒకటి రెండు వ్యాపారాలు ఆ లోటును చాలావరకు పూడుస్తాయి.

డిప్లొమాటిక్ సర్వీస్ అనే సివిక్ (కల్చర్‌తో సాధించే సామాజిక మెట్టు) వచ్చాక డెలిగేషన్ స్థానంలో ఎంబసీ పంపవలసి ఉంటుంది. ఈ మార్పును చాలామంది మరచిపోతారు. ఆ సివిక్ పూర్తయిన టర్నులోనే నాయకులందరినీ వరుసగా పలకరించి ఎంబసీలు పంపేయడం మంచి అలవాటు.

మొదటి టర్ను చెక్‌లిస్టు:
- డెలిగేషన్ పంపామా?
- నాయకుడి చారిత్రక అజెండా చదివామా?
- సంబంధాల పేజీ తెరిచి ప్లస్, మైనస్ కారణాలు చూశామా?
- వారి రాజధాని మనకు ఏ దిక్కున, ఎంత దూరంలో ఉందో గుర్తుపెట్టుకున్నామా?

3. అజెండాలను చదవడం, ఎవరిని ఎంచుకోవాలో తేల్చుకోవడం

ప్రతి నాయకుడికీ ఒక చారిత్రక అజెండా ఉంటుంది, అది ఏ ఆటలోనూ మారదు. దానికి తోడు ఆటను బట్టి మారే రహస్య అజెండా కూడా ఉంటుంది. మొదటిది పరిచయం కాగానే కనిపిస్తుంది. రెండవది తెలియాలంటే ఆ నాగరికత మీద మీ యాక్సెస్ స్థాయి (వారి గురించి మీకు అందే సమాచారం స్థాయి) పెరగాలి. డెలిగేషన్ లేదా ఎంబసీ, వారి నగరానికి నడిపే వ్యాపార మార్గం, ప్రింటింగ్ టెక్నాలజీ, గూఢచారి పెట్టే లిజనింగ్ పోస్ట్, ఇవన్నీ ఆ స్థాయిని పెంచుతాయి. పైగా యుద్ధం వచ్చినప్పుడు ఎవరి యాక్సెస్ ఎక్కువగా ఉంటే వారి సైన్యానికి తేడా ఉన్న ప్రతి స్థాయికీ 3 చొప్పున పోరాట బలం కలిసివస్తుంది. కాబట్టి ఎంబసీ ఖర్చు శత్రువు విషయంలోనూ వృథా పోదు.

అజెండాలన్నిటినీ సంతృప్తిపరచాలని చూడడం పొరపాటు. వాటిని మూడు రకాలుగా విడదీసుకుంటే ఎవరి మీద శ్రమ పెట్టాలో తేలిపోతుంది.

మొదటి రకం, మీరు ఎలాగూ చేయబోయే పనినే మెచ్చుకునేవారు. ట్రేజన్‌కు విశాలమైన భూభాగం ఉన్నవారంటే ఇష్టం. మీరు నగరాలు విస్తరించే ఆట ఆడుతుంటే అతను తనంతట తానే దగ్గరవుతాడు. గాంధీకి యుద్ధోన్మాదులంటే గిట్టదు. ప్రశాంతంగా సైన్స్ విజయం వైపు నడిచేవారికి అతను చక్కని పొరుగువాడు. (అయితే గాంధీకి రహస్య అజెండాగా అణ్వాయుధాల మీద మక్కువ పడే అవకాశం మిగతావారికంటే ఎక్కువ. ఆట చివరి దశలో ఈ సంగతి గుర్తుండాలి.) గిల్గమేష్ స్నేహితులను కోరుకునేవాడు. అందరికంటే తొందరగా స్నేహ ప్రకటనకు ఒప్పుకునేది సాధారణంగా అతనే.

రెండవ రకం, కొద్దిపాటి ఖర్చుతో మెప్పించగలిగేవారు. క్లియోపాత్రాకు బలమైన సైన్యం ఉన్నవారంటే గౌరవం, బలహీనులంటే చులకన. హరాల్డ్‌కు నౌకాదళం కావాలి. వీరి కోసం తయారుచేసే దళాలు ఎలాగూ మీ రక్షణకు పనికివస్తాయి.

మూడవ రకం, మీ ప్రణాళికకే అడ్డుపడేవారు. ఫ్రెడరిక్ బార్బరోసాకు సిటీ స్టేట్‌లతో (ఒకే నగరమున్న చిన్న స్వతంత్ర రాజ్యాలతో) మెలిగేవారంటే పడదు. పెరిక్లీస్‌కు తనతో సిటీ స్టేట్‌ల కోసం పోటీపడేవారు నచ్చరు. చిన్ షి హువాంగ్‌కు తన కంటే ముందు వండర్లు (మహాకట్టడాలు) కట్టేవారి మీద కన్నెర్ర. రెండవ ఫిలిప్ తన నగరాల్లో వేరే మతాన్ని ప్రచారం చేస్తే సహించడు. ఇటువంటివారి కోసం మీ ఆటను మార్చుకోవద్దు. వీరు దూరంగా ఉంటే వదిలేయండి, పక్కనే ఉంటే గోడలు కట్టుకోండి.

ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. ఆరంభంలోనే క్లియోపాత్రా పది పదకొండు గడుల దూరంలో ఎదురైందనుకోండి. మీ దగ్గర ఒక వారియర్, ఒక స్కౌటు మాత్రమే ఉన్నాయి. డెలిగేషన్ పంపారు, దానికి ప్లస్ పడింది. కొన్ని టర్నుల తరువాత సంబంధాల పేజీలో మీ సైన్యం బలహీనమైనదన్న కారణంతో మైనస్ కనిపిస్తుంది, ఆమె ముఖం ముడుచుకుంటుంది. ఇక్కడ చాలామంది బంగారం బహుమతిగా ఇచ్చి ఆ లోటును పూడ్చాలని చూస్తారు, కానీ మైనస్‌కు కారణమైన సైనిక బలహీనత అలాగే ఉంటుంది కనుక అది ప్రతి టర్నూ అక్కడే కూర్చుంటుంది. దానికి బదులు రెండవ సెటిలర్‌ను (కొత్త నగరం స్థాపించే దళాన్ని) కొంచెం వెనక్కి నెట్టి, ఆర్చరీ టెక్నాలజీ తెచ్చి మూడు ఆర్చర్లను తయారుచేస్తే రెండు పనులు జరుగుతాయి: మైనస్ తగ్గుతుంది, బార్బేరియన్ల (ఏ నాగరికతకూ చెందని దోపిడీ దళాల) బెడదా తీరుతుంది. కారణాన్ని సరిదిద్దకుండా అంకెను సరిదిద్దలేము.

4. స్నేహ ప్రకటన, వ్యాపారం

నాయకుడి వైఖరి "ఫ్రెండ్లీ"కి మారిన టర్నులోనే స్నేహ ప్రకటన కోరండి. ఒక్కసారి అది కుదిరితే 30 టర్నులు ఇరుపక్షాలూ ఒకరి మీద ఒకరు యుద్ధం గానీ నింద గానీ ప్రకటించలేరు. ఆట మొత్తంలో ఇంతకంటే చౌకైన కోటగోడ లేదు. అయితే ఇది మీ కాళ్లకూ బంధమే. రాబోయే 30 టర్నుల్లో దాడి చేయదలచుకున్న పొరుగువాడితో స్నేహం కలుపుకోకూడదు.

నా అభిప్రాయంలో అందరితో స్నేహం అనవసరం. భూసరిహద్దు కలిసే ఇద్దరిలో కనీసం ఒకరు, దూరాన ఉన్నవారిలో ధనవంతుడైన మరొకరు, అంతే చాలు. అందరికీ మిత్రుడిగా ఉండబోతే, వారిలో వారికి శత్రుత్వం వచ్చినప్పుడు ఇరువైపులా మాటపడవలసి వస్తుంది.

వ్యాపారంలో మొదటి సూత్రం రెండవ కాపీని అమ్ముకోవడం. ఒక విలాస వనరు నాలుగు నగరాలకు ఒక్కొక్క అమెనిటీ (ప్రజల సంతృప్తిని పెంచే సౌకర్యం) ఇస్తుంది. అదే వనరు రెండవది మీ దగ్గర ఉన్నా అదనంగా ఏమీ రాదు. కనుక రెండవ పట్టు, రెండవ ద్రాక్షసారా ఉన్నా అవి అమ్మకానికే. అమ్మే పద్ధతి ఇది:

- మీ వస్తువును బల్ల మీద పెట్టి, బదులుగా ఏమిస్తారని అడిగే బటన్ నొక్కండి.
- వారు చెప్పిన ధరను వెంటనే ఒప్పుకోకుండా, కొద్దికొద్దిగా పెంచుతూ వారు కాదనేవరకు వెళ్లి ఒక మెట్టు వెనక్కి రండి.
- అదే వస్తువును కనీసం ఇద్దరిని అడిగి చూసి, ఎక్కువ ఇచ్చేవారికి అమ్మండి.
- యుద్ధానికి వచ్చేలా కనిపిస్తున్నవారి దగ్గర టర్నుకు ఇంత చొప్పున కాక, మొత్తాన్ని ఒకేసారి తీసుకోండి. యుద్ధం మొదలైతే టర్నువారీ చెల్లింపులు అక్కడితో ఆగిపోతాయి.

ఇనుము, గుర్రాల వంటి యుద్ధ వనరుల విషయంలో జాగ్రత్త అవసరం. ఒక స్వోర్డ్స్‌మన్‌ను (కత్తి దళాన్ని) తయారుచేయడానికి 20 ఇనుము పడుతుంది. సరిహద్దు కలిసిన పొరుగువాడికి 20 ఇనుము అమ్మడమంటే మీ గుమ్మం ముందుకు ఒక స్వోర్డ్స్‌మన్‌ను పిలిపించుకోవడమే. సముద్రం అవతలివారికి అమ్మితే ఆ భయం లేదు.

డిప్లొమాటిక్ ఫేవర్‌ను కూడా కంప్యూటర్ నడిపే నాయకులు మంచి ధరకే కొంటారు. దౌత్య విజయం మీ లక్ష్యం కాకపోతే, వరల్డ్ కాంగ్రెస్ మొదలుకాక ముందు పోగయ్యే ఫేవర్‌ను అమ్మి సెటిలర్లనో బిల్డర్లనో కొనడం లాభదాయకం.

ఎర్లీ ఎంపైర్ సివిక్ తరువాత సరిహద్దులు మూసుకుంటాయి. ఆ తరువాత ఓపెన్ బోర్డర్స్ (మీ భూభాగంలోకి రావడానికి అనుమతి) అడిగేవారికి గుడ్డిగా ఒప్పుకోవద్దు. మీ మీద మైనస్ అంకెలున్న పొరుగువాడికి దారి తెరిస్తే అతని సైన్యం మీ నగరాల మధ్యలో నిలబడి యుద్ధం ప్రకటించగలదు.

5. గ్రీవెన్సుల లెక్క: యుద్ధం కూడా దౌత్యంలో భాగమే

ఆటగాళ్లు ఎక్కువగా తడబడే చోటు ఇదే కనుక ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి.

ప్రతి రెండు నాగరికతల మధ్యా గ్రీవెన్సుల ఖాతా ఒకటి ఉంటుంది. మీరు ఆ నాగరికతకు అన్యాయం చేస్తే వారికి మీ మీద గ్రీవెన్సులు చేరతాయి, వారు మీకు చేస్తే మీకు చేరతాయి. ఒకవైపు ఉన్నది రెండవవైపు దానితో చెల్లిపోతుంది, కాబట్టి ఏ సమయంలోనైనా ఒక పక్షానికే మిగులు ఉంటుంది. బయటి నాయకులు మిమ్మల్ని అంచనా వేసేటప్పుడు చూసేది ఆ మిగులు ఎవరి పక్షాన ఉందన్నదే.

హెచ్చరిక లేకుండా చేసే సర్ప్రైజ్ వార్‌కు 150 గ్రీవెన్సులు పడతాయి. ముందుగా నింద ప్రకటించి, 5 టర్నులు ఆగి చేసే ఫార్మల్ వార్‌కు 100. కోల్పోయిన నగరాన్ని తిరిగి తెచ్చుకోవడం, మీ అండన ఉన్న సిటీ స్టేట్‌ను కాపాడడం వంటి కారణాలతో ప్రకటించే యుద్ధాలకు ప్రకటన వల్ల గ్రీవెన్సులు రావు. ఇటువంటి కారణాలు కొన్ని ఆట ముందుకు సాగాక గానీ తెరుచుకోవు.

దీన్ని ఆచరణలో ఎలా వాడుకోవాలంటే, పొరుగువాడు మీ మీద సర్ప్రైజ్ వార్ ప్రకటించినప్పుడు మీ ఖాతాలో అప్పటికప్పుడు 150 చేరతాయి. దాడిని కాచుకున్న తరువాత మీరు ఎదురుదాడికి వెళ్లి నగరం పట్టుకుంటే, దానికి పడే గ్రీవెన్సులు మొదట ఆ 150లోంచే పోతాయి. ఆ మిగులు ఉన్నంతవరకు ప్రపంచం మిమ్మల్ని దురాక్రమణదారుగా చూడదు. మిగులు అయిపోయాక కూడా నగరాలు పట్టుకుంటూ పోతే, న్యాయం మీ పక్షాన మొదలైన యుద్ధంలో చివరికి నేరస్థులు మీరే అవుతారు. అందుకే ప్రతి నగరం పట్టుకునే ముందు ఆ నాయకుడి పేజీ తెరిచి ఎంత మిగిలిందో చూడాలి.

మీరే యుద్ధానికి వెళ్లాలనుకుంటే పాటించవలసిన వరుస:

1. లక్ష్యం ఎంచుకున్న నాయకుడికి మిత్రులెవరో చూడండి. మీ వ్యాపార భాగస్వామి వారిలో ఉంటే మరొకసారి ఆలోచించండి.
2. అతనితో స్నేహ ప్రకటన, అలయన్స్ ఏవైనా ఉంటే గడువు ముగిసేదాకా ఆగండి.
3. నింద ప్రకటించండి. సైన్యాన్ని సరిహద్దుకు రెండు మూడు గడుల వెనుకే ఉంచండి.
4. 5 టర్నులు ఆగి ఫార్మల్ వార్ ప్రకటించండి.
5. మొదటి 10 టర్నుల్లో సంధి కుదరదని గుర్తుంచుకుని తగిన సామగ్రి సిద్ధం చేసుకోండి.

ఈ వరుసను తిరగేసి చూస్తే మీ రక్షణకూ పనికివస్తుంది. పొరుగువాడు మిమ్మల్ని నిందించాడంటే 5 టర్నుల గడియారం మొదలైందని అర్థం. ఆ ఐదు టర్నుల్లో సరిహద్దు నగరానికి గోడలు, రెండు ఆర్చర్లు ఏర్పాటైతే, ఆటలో సగం దాడులు నగరం గుమ్మం దగ్గరే ఆగిపోతాయి.

6. అలయన్స్ ఎప్పుడు, ఏ రకం

సివిల్ సర్వీస్ సివిక్ వచ్చాక, స్నేహ ప్రకటనలో ఉన్నవారితో అలయన్స్ కుదుర్చుకోవచ్చు. రీసెర్చ్, మిలిటరీ, ఎకనమిక్, కల్చరల్, రెలిజియస్ అని ఐదు రకాలున్నాయి. ఏ రకమైనా ఏకకాలంలో ఒకరితోనే. కనుక ఎవరితో ఏది అన్నది ముందే నిర్ణయించుకోవాలి. కల్చరల్ అలయన్స్ ఉన్నవారి మధ్య నగరాల లాయల్టీ ఒత్తిడి (పక్క నగరాలను తమవైపు లాగే ప్రభావం) పనిచేయదు కనుక, సరిహద్దు బాగా కలిసిపోయిన పొరుగువాడికి దాన్ని కేటాయించండి. దూరదేశపు ధనవంతుడికి ఎకనమిక్ సరిపోతుంది. సైన్స్ విజయం కోరేవారు రీసెర్చ్‌ను ఎంత ముందు మొదలుపెడితే అంత మంచిది, ఎందుకంటే అలయన్స్‌లకు మూడు స్థాయిలున్నాయి, వ్యాపార మార్గం నడిపితే అవి తొందరగా పెరుగుతాయి.

గడువు ముగిసిన టర్నులోనే పునరుద్ధరించుకోవాలి. ఇక్కడే ఒకటో భాగంలో చెప్పిన కాగితం అక్కరకొస్తుంది.

7. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి విరుగుడు

*ఇచ్చిన మాట మరచిపోవడం.* "మా సరిహద్దు దగ్గర సైన్యం ఎందుకు", "మా పక్కన నగరాలు కట్టవద్దు", "మా నగరాల్లో మీ మతం ప్రచారం చేయవద్దు" అని నాయకులు అడుగుతుంటారు. సరేనని, ఆ తరువాత మాట తప్పితే, మొదట్లోనే కాదన్నదానికంటే ఎక్కువ నష్టం. పాటించే ఉద్దేశం లేకపోతే మాట ఇవ్వకండి. ఇచ్చాక సెటిలర్‌నూ మిషనరీనీ కదిలించే ముందు కాగితం చూసుకోండి.

*మరొకరి యుద్ధంలో తలదూర్చడం.* ఆరంభంలో ఎవరో ఒకరు జాయింట్ వార్‌కు (ఇద్దరూ కలిసి మూడవవాడి మీద ప్రకటించే యుద్ధానికి) పిలుస్తారు. పిలిచినవాడి మెప్పు కోసం ఒప్పుకుంటే, అంతవరకు మీకు ఏ పేచీ లేని మూడవవాడు, అతని మిత్రులు ఒక్కసారిగా శత్రువులవుతారు. ఆ మూడవవాడి నగరాలు మీకు నిజంగా కావాలనుకుంటే తప్ప వద్దనండి.

*ప్రభుత్వ విధానం మార్చి గమనించకపోవడం.* ఆట రెండవ సగంలో ప్రభుత్వాల తేడా కూడా మైనస్‌గా పడుతుంది. పాత మిత్రుడు కారణం లేకుండా దూరమయ్యాడనిపిస్తే సంబంధాల పేజీలో ముందు ఇదే వెతకండి.

*సిటీ స్టేట్‌లకు ఎన్వాయ్‌లను (దూతలను) పంచిపెట్టడం.* 1, 3, 6 సంఖ్యల దగ్గర ప్రయోజనాలు వస్తాయి. సూజరెయిన్ (ఆ సిటీ స్టేట్‌కు అధిపతి) కావాలంటే కనీసం 3 ఉండి, అందరికంటే ఎక్కువ కూడా ఉండాలి. ఆరు చోట్ల రెండేసి ఉంచేకంటే నాలుగు చోట్ల మూడేసి ఉంచడం మేలు. యుద్ధం వచ్చినప్పుడు మీరు సూజరెయిన్‌గా ఉన్న సిటీ స్టేట్ సైన్యం మీ పక్షాన దిగుతుంది.

8. వరల్డ్ కాంగ్రెస్

మధ్యయుగంలో మొదలై ప్రతి 30 టర్నులకూ సమావేశమవుతుంది. ప్రతి తీర్మానంలోనూ మొదటి ఓటు ఉచితం, రెండవదానికి 10 ఫేవర్, మూడవదానికి 20, ఇలా పదేసి పెరుగుతూ పోతుంది. అంటే మూడు ఓట్లకు 30, నాలుగింటికి 60. కాబట్టి ఫేవర్‌ను అన్ని తీర్మానాలకూ సమంగా చల్లకుండా, మీ ఆటను నిజంగా దెబ్బతీసేదాన్ని, లేదా నిలబెట్టేదాన్ని ఎంచుకుని అక్కడే పెట్టండి. ఫేవర్ ప్రధానంగా ప్రభుత్వ స్థాయి, అలయన్స్‌లు, సూజరెయిన్‌గా ఉన్న సిటీ స్టేట్‌ల నుంచి వస్తుంది. పై భాగాల్లో చేసిన పనుల ఫలితం ఇక్కడ చేతికందుతుంది.

దౌత్య విజయానికి 20 పాయింట్లు కావాలి. మహాబోధి ఆలయం 2, పొటాలా ప్యాలెస్ 1, స్టాట్యూ ఆఫ్ లిబర్టీ 4 ఇస్తాయి. గెలిచిన తీర్మానంలో ఫలితాన్నీ, లక్ష్యాన్నీ సరిగ్గా ఎంచుకుని ఓటు వేసినవారికి ఒక్కొక్క పాయింటు వస్తుంది.

మీరు విజయానికి దగ్గరవుతున్నకొద్దీ, ఎవరికైనా 2 పాయింట్లు కలిపే లేదా తీసివేసే తీర్మానం వచ్చినప్పుడు మిగతా నాయకులందరూ కట్టగట్టుకుని మీకు 2 తగ్గించేవైపు ఓటు వేస్తారు. వారిని ఓడించాలని వందల ఫేవర్ కుమ్మరించడం దండగ. మీరు కూడా మీకు వ్యతిరేకంగానే ఓటు వేయండి. 2 పోయినా గెలిచిన పక్షాన ఉన్నందుకు 1 తిరిగి వస్తుంది, మిగిలిన ఫేవర్ అదే సమావేశంలోని ఇతర తీర్మానాలకు పనికివస్తుంది. 16 లేదా 17 పాయింట్ల దగ్గర స్టాట్యూ ఆఫ్ లిబర్టీ పూర్తయ్యేలా కట్టడాన్ని కాచుకుని ఉంచినవారికి ఆ తీర్మానంతో అసలు పనే ఉండదు, ఎందుకంటే ఆ నాలుగు పాయింట్లు కాంగ్రెస్ ఓటు మీద ఆధారపడవు.